లాగ్‌బుక్‌లో మూడు గంటలు

ఆమె చొక్కా ఇస్త్రీ చేస్తుంటే భర్త ప్రసంగం చదువుకుంటున్నాడు. పరిశోధన కేంద్రంలో ఇవాళ ఆయనగారికి సన్మానం. అక్కడ ప్రతి పదిహేను నిమిషాలకూ రేడియో తరంగాలను పైకి పంపి, అవి తిరిగొచ్చి గీసిన గీతను చేత్తో కొలిచి, ఆకాశపు పైపొర ఎత్తు లాగ్‌బుక్‌లో రాసేది పదకొండేళ్లుగా ఆమే. కింద సంతకం మాత్రం ఇన్‌చార్జిది, అంటే మొగుడిది. కష్టం ఒకరిది, కీర్తి ఇంకొకరిది!

"సూర్యుడి దెబ్బకి అయస్కాంత తుఫాను ముందు ధ్రువాల దగ్గర రేగుతుంది. అక్కడ వేడెక్కి కదిలిన గాలుల ప్రభావం భూమధ్యరేఖకి చేరేసరికి ఒక రోజు పడుతుంది. ఆ పెద్ద తుఫాను వచ్చిన మర్నాడు సాయంత్రం మన పైపొర రోజూలా పైకి లేవనే లేదు. మధ్యలో మూడు గంటలు పరికరం చెడిపోయి కొలతలు లేవు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "పరికరం చెడిపోయిందా?"

"ఏదో ఒకటి రాయాలి కదా! లాగ్‌బుక్‌లో అప్పుడే రాసేశాను. చొక్కా మాడుతుంది, చూసుకో."

ఆ తుఫాను ఆరేళ్ల కిందటి మాట. ఆమెకు నాలుగో నెల. పొద్దుట్నించీ నడుము పీకేస్తోందని పరికరం దగ్గర్నించి భర్తకి ఫోన్ చేస్తే, "ఇలాంటి తుఫాను మళ్లీ దొరకదు, సాయంత్రందాకా ఓర్చుకో" అన్నాడు. కుర్చీ తడిసేదాకా ఓర్చుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్లింది గదులు ఊడ్చే ఆవిడ. మూడు గంటల తర్వాత అతను వచ్చాడు, ఆస్పత్రికి కాదు, పరికరం దగ్గరికి. తర్వాతి కొలతలన్నీ అతని చేతిరాతే. "ఆకాశంలోది లెక్కపెడుతూ కడుపులోది పోగొట్టుకుంది" అని అత్తగారు ఫోన్లో అందరికీ చెప్పుకుంది. అప్పుడు ఆమెకు ఏడుపు రాలేదు. ఇప్పుడొచ్చింది. ఆరేళ్ల ఏడుపు, సగం ఇస్త్రీ అయిన చొక్కా మీద.

స్విచ్ ఆపేసి, ముఖం కడుక్కుని, అతనికన్నా ముందే కేంద్రానికి వెళ్లింది. సభకు పూలు సర్దుతున్న వాళ్లని దాటుకుని బీరువాలోంచి ఆ ఏటి లాగ్‌బుక్ తీసింది. తప్పును చెరిపేయకూడదు, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. ఆ గదిలో అదీ పద్ధతి. ఆమె అలాగే 'పరికరం చెడిపోయింది' అన్న మాట మీద గీత కొట్టింది. ముందు సంతకం పెట్టింది, ఆ పుస్తకాల్లో తన మొదటి సంతకం. తర్వాత దాని పైన, కొలతలు రాసే అదే చిన్న అక్షరాలతో రాసింది:

"పరికరం బాగానే ఉంది. కొలిచే మనిషికి గర్భం పోయింది."