అరవై శుభలేఖ సీడీలు

"నీ లినక్సు మా పరువు తీసేసింది!" అని ప్రభాకరరావుగారు అందరి ముందూ అరిచారు. అందరూ అంటే జెరాక్సు కోసం నిలబడ్డ నలుగురు, మా చేత పెళ్లి సీడీలు చేయించుకున్న భీమరాజుగారు, ఆయన భార్య పార్వతమ్మగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

కొత్తపేటలో ప్రభాకరరావుగారి కంప్యూటర్ సెంటర్‌లో నేను చేరిన కొత్తలో, వారానికోసారి వైరస్ పడి కస్టమర్ల ఫోటోలు మాయమయ్యేవి. పట్టుబట్టి విండోస్ తీయించి, వైరస్ అంత తేలిగ్గా పట్టని లినక్సు వేయించాను. ఈ రెండేళ్లలో, అంటే రెండువేల అయిదు దాకా, ఒక్క ఫైలూ పోలేదు. ఆ మాట మాత్రం ఆయన ఎవరి ముందూ అనలేదు. మా ఆయన మస్కట్‌లో చనిపోయాక నాకూ నా కూతురికీ అన్నం పెడుతున్నది ఆ కుర్చీయే.

"రేపే దాన్ని పీకించేసి విండోస్ వేయిస్తాను. నువ్వింక రానక్కర్లేదు," అన్నారు.

భీమరాజుగారివి పెద్ద కొబ్బరితోటలు. కూతురి పెళ్లికి అందరిలా కార్డులు కాకుండా సీడీలు పంచాలని ఆయన ముచ్చట. ప్లేయర్‌లో వేస్తే సన్నాయి, వినాయకుడు, అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, ముహూర్తం. అయిదు నిమిషాల వీడియో. అరవై ఖాళీ డిస్కులు తెచ్చి నా ముందు పెట్టారు. ఎవరింట్లో ఎంత పాత ప్లేయర్ ఉంటుందోనని తక్కువ స్పీడులో రాశాను. రాసిన ప్రతి డిస్కునీ కంప్యూటర్ చేత మళ్లీ చదివించి, అసలు ఫైలుతో సరిపోయిందో లేదో చూసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. అరవైకి అరవై సరిపోయాయి.

ఇప్పుడు ఆ అరవై సీడీలూ, పంచినవాటితో సహా, సంచీలో వెనక్కి వచ్చాయి.

"మా పిల్ల పేరు వస్తందండీ, పెళ్లికొడుకు పేరు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతంది!" భీమరాజుగారు సంచీని బల్ల మీద పడేశారు. "ఒకళ్లింట్లో కాదు, వేసిన ప్రతి ఇంట్లోనూ ఇంతే. ఇదేం శకునం అని వియ్యాలవారు అడిగేరు. ఏం చెప్పమంటారు నన్ను?"

నేనొక సీడీ తీసి తిప్పాను. మెరిసే వైపు, చిల్లు చుట్టూ, నాలుగు పసుపు బొట్లు. ఎండిపోయి పెచ్చు కట్టాయి.

"ఇవెవరు పెట్టారండీ?"

"నేనే పెట్టేనమ్మా," అన్నారు పార్వతమ్మగారు. "శుభలేఖకి పసుపు పెట్టకుండా ఎలా పంచుతాం? దీనికి మూలలు లేవు కదాని చిల్లు చుట్టూ పెట్టేను. అటేపు వినాయకుడి బొమ్మ ఉంది, మరకవుద్దని ఇటేపు పెట్టేను."

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. రాసింది మెరిసే వైపే చిల్లు దగ్గర్నుంచి మొదలవుతుందని, అక్కడ ఏదైనా అంటితే ప్లేయర్ చదవలేదని చెప్పవలసినదాన్ని నేనే. ఒక్క సీడీ అయినా తిప్పి చూడకుండా నా కుర్చీ లాగేసిన పెద్దమనిషి మీద వచ్చింది కోపం.

తడిగుడ్డతో ఆ నాలుగు బొట్లూ తుడిచి ప్లేయర్‌లో వేశాను. టీవీలో అమ్మాయి పేరు వచ్చింది. అబ్బాయి పేరూ వచ్చింది. ముహూర్తమూ వచ్చింది.

భీమరాజుగారు టీవీ చూడటం లేదు. నా చేతిలో గుడ్డ చూస్తున్నారు.

"మా పిల్ల శుభలేఖ మీద పసుపు నువ్వా తుడిచేది?"

"తప్పయిపోయిందండీ, దానికి తెలీదు," అన్నారు ప్రభాకరరావుగారు చేతులు నలుపుకుంటూ. నా తరఫున క్షమాపణ! ఇక ఆగలేకపోయాను.

"భీమరాజుగారూ, మీ అమ్మాయి పేరు టైపు చేసింది ఈ చేతులేనండీ. పక్కన మీ అల్లుడుగారి పేరు పెట్టిందీ ఈ చేతులే. అరవై సీడీలకీ వినాయకుణ్ణి అంటించిందీ ఈ చేతులే. నాకు మొగుడు లేడన్న సంగతి అప్పుడు గుర్తురాలేదు, గుడ్డ పట్టుకునేసరికి వచ్చిందాండీ? అలాగైతే పసుపొక్కటేనా, ఆ పేర్లు కూడా చెరిపించేసుకోండి."

గుడ్డ బల్ల మీద పడేసి, సంచీ ఆయన ముందుకు తోశాను. "ఇంకా యాభై తొమ్మిదున్నాయి. నేను ముట్టుకోను."

"దుర్గా, నీ కుర్చీలో కూర్చో," అన్నారు ప్రభాకరరావుగారు. నేను కూర్చోలేదు.

భీమరాజుగారు భార్య వైపు చూశారు. ఆవిడ కదల్లేదు.

"ఆ అమ్మాయిని అన్నది మీరు. మీరే తుడవండి," అన్నారు పార్వతమ్మగారు.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. గుడ్డ తీసుకుని మొదటి సీడీ మీద గుండ్రంగా రుద్దబోయారు.

"అలా కాదు. మధ్య నుంచి అంచుకి," అన్నాను. నా గొంతు ఏమీ తగ్గలేదు.

"ఆయ్," అని తలూపారు భీమరాజుగారు.