ప్రయోగమునకు ఫలమునకు నడుమ

అది శ్రావణ మధ్యాహ్నము. ఘననీలజీమూతపటలావృతమగు గగనమున భాస్కరుని జాడయైన గానరాక నిరంతరవర్షధారాసిక్తములగు కోటగోడలపై నాచు నానాటికి చిక్కనగుచుండ గోదావరి తన యెర్రని యుదకములతో రేవుమెట్ల నొక్కొక్కటిగా మ్రింగుచుండెను. వేటకు బోవ దారిలేక మృగయావినోదలోలుడగు జలపతిరాయ ప్రభువు మేడపై తన దేవేరి రంగాంబికతో చిత్రించిన పేకపత్రముల యాట యాడుచుండెను.

ఆ యాటను బుట్టించిన పాపము ఆస్థాన చిత్రకారుడగు లింబాద్రిది. ప్రతి పత్రమున నొక వీరుని లిఖించి యడుగున వాని శక్తిని వ్రాసియుండెను. శక్తి గోరువారు మూల్యముగ నొక చింతగింజను బెట్టి పత్రము నడ్డముగ ద్రిప్పి "ప్రయోగించితిని" అని పలుకవలెను. పలికినంతనే ఫలము గలుగదు. ఎదుటివారు "కానిండు" అనిన గలుగును. అనక బదులుగ మరియొక శక్తిని బ్రయోగించిరేని కడపట బలికినదే ముందు ఫలించును. పసిపాపలకైన బోధపడు నీ నియమము మూడు మాసములనుండి ప్రభువునకు మాత్రము బోధపడదు.

లింబాద్రికి నేడు మనసు మనసులో లేదు. ఆవలియొడ్డున నతని కూతురు రాజవ్వకు ఆడుశిశువు గలిగి యిరువదిదినము లయ్యెను. రేపు బారసాల. బిడ్డ చెవిలో పేరు తన తండ్రియే పలుకవలెనని రాజవ్వ కబురంపెను. వరద పెరుగుచున్నందున నేటి సాయంకాలపు పడవయే కడపటిది. ఆట ముగిసినగాని సెలవు లేదని ప్రభువానతి. ఆటయా, ముగియు తెరువు గానరాదు!

ప్రభువు సింహబలుని పత్రమును ద్రిప్పి "ప్రయోగించితిని! నీ గజపతి హతుడు!" అని గర్జించి దేవేరి గజపతిపత్రమును లాగికొని తన తొడక్రింద దాచెను.

"నాథా, నేనింకను నోరు మెదపలేదు. నా కవచధారిణిని బదులుగ బ్రయోగింతును. అది ముందు ఫలించి గజపతిని గాచును."

"చచ్చినవానిని గాచుటెట్లు?"

"మీరు చంపితిరి గాని యాట చంపలేదు."

"లింబాద్రీ!" అని యిరువురు నొక్కమారుగ బిలిచిరి.

కరవుమన్న కప్పకు గోపము, విడువుమన్న పామునకు గోపము. తాను దీసిన గోతిలో దానే పడితినని లింబాద్రి పండ్లు కొరికికొని యుదయమునుండి పదునొకండవమారు విన్నవించెను. "మహాప్రభూ, ప్రయోగము వేరు, ఫలము వేరు. నడుమ నాగవలెను."

"రాజునకు ఆగుట యేమి! నీ మొగము చూచిన నాట చెడుచున్నది. పొమ్ము, నీకు సెలవొసగితిమి!"

"కానిండు" అని రంగాంబిక తక్షణమే పలికెను. లింబాద్రి వంగి దండము పెట్టి, వయసు మరచి యొక్క దూకున గడప దాటెను.

"తాళుము! సెలవు లేదు. ఈ తగవు దీర్చి పొమ్ము!"

లింబాద్రి గడప కావలనే నిలిచెను. రంగాంబిక చిరునవ్వుతో ననెను. "నాథా, మీరు సెలవును బ్రయోగించితిరి. నేను గానిండంటిని. అతడు గడప దాటెను. ఫలించినదానికి బదులు చెల్లదు."

ప్రభువు తొడక్రిందనుండి నలిగిన గజపతిని దీసి దేవేరి ముందుంచి, తలయెత్తకయే పొమ్మని చేయి యూపెను.

లింబాద్రి రేవునకు బరుగెత్తువేళకు సరంగు పోచన్న తాడు విప్పియుండెను.

"పడవ పోయినది తాతా!"

పడవ మెట్టునకు జానెడు దూరముననే యుండెను. మోకాలిలోతు నీట నిలిచి లింబాద్రి యింతకాలపు విసుగునంతయు నొక్క కేకగ వెడలించెను. "పోయినదంటివి గాని పోలేదు! నేనింకను గానిమ్మనలేదు!"

ఆ మాట పోచన్నకు బోధపడలేదు. పడనేల? తెల్లబోయి గడ యందించెను.

మరునాడు తొట్టెచెంత వంగి లింబాద్రి మనుమరాలి చెవిలో "గంగామణి" అని పలికెను. పలికి లేవడాయెను. పేరంటాండ్రు తొందరపడిరి, రాజవ్వ తండ్రి భుజము దట్టెను. అతడు కదలలేదు. శిశువు కన్ను విప్పి తాతను జూచి యతని వ్రేలు పిడికిట బట్టెను.

అప్పుడతడు తలయెత్తి మనుమరాలి తరపున "కానిండు" అనెను.