దానంతటదే వచ్చే మాట

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా కూతురు మొట్టమొదట "అమ్మ" అనకుండా "చిత్తం" అంటుందేమోనని. నవ్వకండి. మా ఇంట్లో ఎక్కువగా వినపడే మాట అదే. మా ఆయన దొరగారి అచ్చాఫీసులో అక్షరాలు పేరుస్తాడు. మామయ్య నలభై ఏళ్ళుగా అక్కడే దొర గది బయట బంట్రోతు. పగలంతా అనగా మిగిలిన చిత్తాలు ఇద్దరూ ఇంటికి తెచ్చుకుంటారు. కూర చల్లారిందన్నా చిత్తమే, పిల్ల పక్క తడిపిందన్నా చిత్తమే.

శనివారం అచ్చుకి ఒక సర్కారు హుకుం వచ్చింది. మా ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. నా చదువు అయిదో తరగతితో ఆగింది, కూడబలుక్కుని చదివాను. మనవాళ్ళు అయిదుగురికి మించి ఒకచోట చేరితే జైలట. పిల్లతో కలిపి మేం నలుగురం. మా అమ్మా నాన్నా చూడ్డానికొస్తే అందరం జైలుకే.

ఇది అచ్చు వెయ్యకూడదని పనివాళ్ళంతా అనుకున్నారు. దొరకి చెప్పే పని మా ఆయన మీద పడింది. "కుదరదు" అనాలి, అంతే. ఉద్యోగం పోతుందని దిగులు ఉంది. ఆ మాట ఆయన నోట రాదేమోనని ఇంకా దిగులు. అందుకే ఆదివారం మధ్యాహ్నం తర్ఫీదు పెట్టాను.

మామయ్య కళ్ళద్దాలు పెట్టుకుని, బోర్లించిన గంగాళం మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని నేనే దొరనయ్యాను.

"సాయంత్రానికల్లా అచ్చు కావాలి."

"చిత్తం," అన్నాడు మా ఆయన.

"మళ్ళీనా?"

"నేననలేదే. దానంతటదే వచ్చింది."

ఈసారి గొంతు బొంగురు చేసి గదమాయించాను. పక్కగదిలో కునుకు తీస్తున్న మామయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి "చిత్తం దొరా" అన్నాడు. నన్ను చూసి, "నువ్వా అమ్మాయ్. నా కళ్ళద్దాలు ఇచ్చేసి నీ దొరతనం చేసుకో," అన్నాడు.

కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

"ఆ మాటంటే ఏమవుతుందిరా?" అని మామయ్య కొడుకుని అడిగాడు.

"ఏమో నాన్నా. ఎవరూ అని చూడలేదుగా."

ఇవాళ పిల్లని చంకనేసుకుని క్యారేజీ పట్టుకెళ్తే గేటు మూసేసి ఉంది. అక్కడే బైండింగు పని చేసే అక్క కిటికీలోంచి కబురు చెప్పింది. దొర అడిగితే మా ఆయన "కుదరదండి" అన్నాడట.

"అండీ ఎందుకక్కా?"

"మొదటిసారి కదే, పోనీ. దొర మళ్ళీ అడిగితే అది కూడా తీసేశాడులే."

దొరకి కోపం రాలేదట, అర్థం కాలేదట. ఆ మాట ఎప్పుడూ విని ఉండడు మరి. టోపీ తీసుకుని కారెక్కి వెళ్ళిపోయాడు. పోలీసుల్ని తెస్తాడంటున్నారు. లోపల అందరూ నేల మీద చతికిలబడి ఒకళ్ళ అన్నంలో ఒకళ్ళు చెయ్యి పెడుతున్నారు. మా ఆయన గొంతు అంత పెద్దదని నాకిన్నాళ్ళూ తెలీదు. క్యారేజీ కిటికీలోంచి అందించాను.

మామయ్య ఒక్కడే దొర గది ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడట. గది ఖాళీ అని ఆయనకి తెలుసు, కాళ్ళకే తెలీదు. కొడుకు పిలిస్తే "వస్తా, వస్తా" అంటున్నాడట. పోలీసులొస్తారని గేటు తియ్యలేదు, నన్ను లోపలికి పోనివ్వలేదు. పిల్లకి ఎండ తగులుతుందని ఇంటికొచ్చేశాను. మీరెవరైనా అటు వెళ్తే, వెనక గోడకి కిటికీ ఉంది, మామయ్యని ఒకసారి చూడండి. ఇంకా నిలబడే ఉంటే కోడలు కూర్చోమందని చెప్పండి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు.