ఎర్రరుమాలు పిల్ల

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నలభై ఏళ్ల వయసులో నేను ఒక ఆటపెట్టెను చూసి కుళ్లుకున్నాను. మామూలు కుళ్లు కాదు. అన్నం సహించనంత, పక్కింటి వైపు చూస్తేనే ఒళ్లు మండేటంత. నా పేరు అనసూర్య. ఖానాపూర్‌లో మా వాడకొచ్చి బీడీలు చేసే ఏ ఆడమనిషినైనా అడగండి, కథలు చెప్పే అనసూర్య అంటే నేనే.

మా వాడలో ఒక పద్ధతి ఉంది. పొద్దున వంటలు కాగానే ఆరేడుగురం మా అరుగు మీద చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడతాం. చేతులకు పని ఉంటుంది గానీ చెవులకు ఉండదు కదా. నేను నిర్మల్‌లో ఏడో తరగతి దాకా చదివాను. లైబ్రరీకి పోయి వారపత్రికల్లో సీరియళ్లు చదివొచ్చి వీళ్లకు చెబుతాను. చెప్పేటప్పుడు నా చేతులు ఆగిపోతాయి. చేతులూపకుండా నాకు కథ రాదు మరి. అందుకని సాయంత్రం లేచేముందు తలా ఒక బీడీకట్ట నా చాటలో వేస్తారు. కట్టదేముంది, పోతే పోయింది. అది వేస్తూ "రేపేమైతదే అనసూర్యా?" అని అడుగుతారు చూడండి, దానికోసమే నేను బతికేది.

ఒక్క మనిషి మాత్రం ఎప్పుడూ అడగదు. మా అత్త బుచ్చవ్వ. పద్దెనిమిదేళ్లుగా నా కథలన్నీ వింటూనే ఉంది. ఎందరు కోడళ్లను ఇళ్లలోంచి గెంటించాను, ఎందరు పెళ్లికూతుళ్లకు క్షయ తెప్పించాను! కమలవ్వ ముక్కు చీదీ చీదీ కొంగు తడుపుకునేది. మా అత్త ఆకు కత్తిరిస్తూ "ఊఁ" అనేది. అంతే. ఈమె కంట్లోంచి ఒక్క చుక్క రాలితే చాలు, నేను కథలు చెప్పినందుకు ఫలితం దక్కినట్టే అనుకునేదాన్ని.

తొంభై ఏడు ఎండాకాలంలో పక్కింటి బాలలక్ష్మి మొగుడు ముత్యం దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అందరిలాగే దుప్పట్లు, సెంటుసీసాలు తెచ్చాడు. వాటితోపాటు టీవీకి తగిలించే ఆటపెట్టె, వీడియోగేమంటారే, అది ఒకటి తెచ్చాడు. అక్కడ ఏదో కంపెనీలో స్టోరుకీపరు, పదకొండేళ్లుగా ఇంగ్లీషులో లెక్కలు రాసే మనిషి. అలాంటివాడు పొద్దున్నే తలస్నానం చేసి, చాప వేసుకుని, ఆ పెట్టె ముందు కూర్చుంటే మా వాడ వాడంతా నవ్వింది. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను.

"ఏం ముత్యం, పిల్లి ఎల్కను తరుముతుందా, ఎల్కనే పిల్లిని తరుముతుందా?" అని గోడ మీది నుంచి కేకేశాను.

"వచ్చి సూడు వదినా" అన్నాడు.

నేనెందుకు పోతాను? కానీ మూడో రోజుకు మా అరుగు మీద కమలవ్వ లేదు. ఐదో రోజుకు ఇంకో ముగ్గురు లేరు. వారం తిరిగేసరికి మా అత్త కూడా చాట పట్టుకుని లేచింది.

"యాడికత్తా?"

"బాలలక్ష్మి ఇంట్ల జర సల్లగుంటది బిడ్డా. ఫ్యానున్నది."

ఫ్యానట! మా ఇంట్లో లేదా ఫ్యాను? ఆ రోజు సీరియల్లో హీరోయిన్ విషం తాగే ఘట్టం. నేను ఎవరికి చెప్పాలి, గోడకా? గోడ అవతల నుంచి మా అత్త గొంతు వినపడింది. "అయితే ఏమాయె?" అంటోంది. పద్దెనిమిదేళ్లలో నన్ను ఒక్కసారి అడగని ముక్క అది.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు పాలలోకి తోడు అడిగే వంకతో గిన్నె పట్టుకుని పోయాను. పోయి గుమ్మంలోనే నిలబడిపోయాను. గిన్నె సంగతి నాకూ గుర్తు లేదు, అడిగేవాళ్లూ లేరు. అందరూ బీడీలు చుడుతూనే టీవీ చూస్తున్నారు. టీవీలో ఒక పెద్ద నది. దాని ఒడ్డునున్న ఊళ్లో యుద్ధం జరుగుతోంది. ఒక ముసలి పడవవాడు పారిపోయే జనాన్ని అవతలి ఒడ్డుకు చేరుస్తున్నాడు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే ముత్యం చదివి, తెలుగులో చెబుతున్నాడు. అక్షరాలు ఆగిపోయిన చోట చేతిలో రిమోట్ లాంటిది పట్టుకుని అందరి వైపూ తిరుగుతున్నాడు.

"ఇప్పుడేం జేద్దాం? సిపాయికి దెబ్బ తగిలింది. ఎక్కించుకుందామా, వద్దా?"

"వాడు మొన్న ఇండ్లు గాలవెట్టినోడే. వద్దు" అంది కమలవ్వ.

"వానికి గూడ తల్లి ఉంటది గదనే" అంది బాలలక్ష్మి.

అబ్బో, పంచాయితీ! కథ చెప్పేవాడు వినడానికొచ్చినవాళ్లను అడగడమేమిటి, వాడికే తెలియదా? నేను లోపల లోపల నవ్వుకున్నాను. అంతలో వాన మొదలైంది. టీవీలోనే. నది పొంగింది, పడవ బోల్తాపడింది. పడవవాడు ఒక మొద్దును పట్టుకున్నాడు. కుడివైపు ఒక బుడ్డపిలగాడు కొట్టుకుపోతున్నాడు. ఎడమవైపు ఏడెనిమిదేళ్ల పిల్ల, తలకు ఎర్రరుమాలు. పడవవాడికి ఖాళీగా ఉన్నది ఒక్క చెయ్యే.

"ఎవల్ని పట్టుకుందాం?" అన్నాడు ముత్యం.

మా అత్త ఒళ్లోని చాట కిందపడింది. తంబాకు అంతా నేల పాలైంది.

"పోరిని పట్టు! ముత్యం, పోరిని పట్టు బిడ్డా! ఇడిసిపెట్టకు!"

అరుస్తూనే ఏడ్చింది. నా అత్త. నా కథలకు ఒక్కసారీ చెమ్మగిల్లని కళ్లు! ముత్యం మీట నొక్కాడు. పడవవాడి చెయ్యి ఎర్రరుమాలు వైపు సాగింది. ఫటుక్కున కరెంటు పోయింది.

"ఫికర్ చెయ్యకు పెద్దవ్వా" అన్నాడు ముత్యం. "ఒడ్డెక్కినంక గాని ఈ పెట్టె యాది పెట్టుకోదు. రేపు మల్ల గీన్నించే మొదలైతది. రేపు పోరిని గుంజుకుందాం."

నాకు ఆగలేదు. "ఛీ, ముసలామెను బొమ్మలు చూపి ఏడిపిస్తున్నవ్. గడ్డం నెరుస్తుంది, పిల్లల ఆటలాడ సిగ్గులేదా?" అన్నాను.

ముత్యం కోపం తెచ్చుకోలేదు. అదే నాకు ఇంకా మంట. "గిది పిల్లలది గాదు వదినా. క్యాంపుల నా రూముల ఉండే మనిషి నేర్పిండు. నువ్వు చెప్పే కథల ఎవలన్న సస్తే, రాసినోడు సంపుతడు. మనం సూస్తం. గిండ్ల సస్తే నేను సంపినట్టే. పదిరోజులు నిద్ర పట్టలే నాకు" అన్నాడు.

"ఓయమ్మ! బొమ్మ సస్తే నిద్ర పట్టదట!" అని గిన్నె ఊపుకుంటూ వచ్చేశాను.

ఆ పూట మా అత్త అన్నం ముట్టలేదు. తెల్లారి లేవగానే, మొహం కూడా కడగకముందే, "కరెంటొచ్చిందా అనసూర్యా?" అని అడిగింది. నేను ఎన్ని సీరియళ్లను "వచ్చేవారం" అన్న చోట ఆపాను! ఒక్కనాడైనా ఇలా ఎదురుచూసిందా ఈమె? ఆ క్షణంలో నేను ఒక పని అనుకున్నాను. నా వృత్తిలో అందరికన్నా ముందు చివరిపేజీ చూసినవాళ్లదే కథ. ఆ పెట్టెలో ముందేముందో చూసేస్తాను. చూసి, వీళ్లందరికీ బీడీలు చుడుతూనే చెప్పిపారేస్తాను. ఇక ముత్యం దగ్గర కూర్చునేది ఎవరు?

చేసిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పే రోజు అది. అందరూ గంపలు ఎత్తుకున్నారు. నాకు తలనొప్పి అన్నాను. ముత్యం టికెట్ పని మీద నిర్మల్ పోయాడు, ఇంకో మూడు రోజుల్లో ఆయన ప్రయాణం. బాలలక్ష్మి ఎప్పటిలాగే, "అక్కా, జర ఇల్లు సూస్తుండు" అని తాళంచెవి నా చేతిలో పెట్టింది. నన్ను నమ్మి.

కరెంటు ఉంది. నిన్న ముత్యం ఏ మీట నొక్కాడో చూశాను కదా, అదే నొక్కాను. నది వచ్చింది. కుడివైపు పిలగాడు, ఎడమవైపు ఎర్రరుమాలు పిల్ల. ఇంగ్లీషు రాకపోతేనేం, బొమ్మలు కనపడుతున్నాయి. కథ చెప్పేదాన్ని కదా, ఒక్క నిమిషం ఆలోచించాను. పిల్ల బతికితే ఏముంది, అందరూ సంతోషించి లేచిపోతారు. పిల్ల పోతేనే కథకు పట్టు. పైగా మా అత్త "పోరిని పట్టు" అని వాడంతా వినేటట్టు అరిచింది కదా, ఆమె మాటెందుకు నెగ్గాలి? పోనీ, ఇది పోతే ఇంకోటి చూద్దాం, పత్రికలో పేజీ వెనక్కి తిప్పినట్టు తిప్పుకోవచ్చు అనుకున్నాను. కుడివైపు మీట నొక్కాను.

పడవవాడు పిలగాణ్ని పట్టుకున్నాడు. పిల్ల అతని వైపు చూసింది. అరవలేదు, చెయ్యి ఎత్తలేదు. రుమాలు ఒకసారి పైకి తేలి, మునిగింది. అక్షరాలు వస్తుంటే నేను మీట నొక్కుతూ పోయాను. పడవవాడు ఒడ్డెక్కాడు. ఎంత వెతికినా వెనక్కి పోయే దారి కనపడలేదు. పెట్టె ఆపి, తాళం వేసి, ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకున్నాను.

మధ్యాహ్నం ముత్యం తిరిగొచ్చాక అందరూ చేరారు. మా అత్త అందరికన్నా ముందు పోయి కూర్చుంది. నేనూ పోయాను, పోకపోతే అనుమానం వస్తుందని. ముత్యం మీట నొక్కాడు. టీవీలో అవతలి ఒడ్డు, చలిమంట. మంట దగ్గర పిలగాడు ఒక్కడే.

"ఇదేంది?" అన్నాడు ముత్యం. కింది అక్షరాలు చదివాడు. మాకు చెప్పలేదు. "ఎవలన్న ముట్టిండ్రా దీన్ని?"

బాలలక్ష్మి నా వైపు చూసింది. తాళంచెవి నా దగ్గరే ఉంది కదా. అబద్ధాలు కల్పించి చెప్పడంలో నాకు సాటి లేదు. ఆ రోజు ఒక్కటి కూడా నోటికి రాలేదు.

"నేనే. ఏమైతదో చూద్దామని పిలగాణ్ని పట్టుకున్న" అన్నాను. "ముత్యం, వెనకకు తిప్పు."

"తిరగది వదినా. ఒడ్డెక్కినవ్ గద, అదే యాది పెట్టుకున్నది." ఆయన మా అత్త దగ్గరికి జరిగాడు. "పెద్దవ్వా, మూడు రోజులున్న. అంత తుడిసేసి మొదటికెల్లి ఆడుదాం. రాత్రింబగళ్లు కూసుంటె గా నది కాడికి మల్ల పోతం. పోరిని తెచ్చుకుందాం."

మా అత్త తల అడ్డంగా ఊపింది.

"వద్దు బిడ్డా. రెండుసార్లయింది. మూడోసారి గా గోదారి కాడికి పోవుడు నాతోని గాదు."

గోదారి అన్నది. టీవీలో ఉన్న నదికి ఆ పేరు లేదు.

నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది.

"నువ్వేం పరేషాన్ గాకు అనసూర్యా. గప్పుడు గోదారి పొంగిననాడు నేను గూడ పోరన్నే పట్టుకున్న. నీ మొగన్ని. ఏడాది పిల్లగాడు సంకల ఉండె. పోరి కొంగు పట్టుకుని ఉండె. అది గూడ ఒర్రలే, చెయ్యి ఎత్తలే."

కమలవ్వ చేతిలో కత్తెర ఆగింది. ముత్యం టీవీ కట్టేశాడు.

పద్దెనిమిదేళ్లు ఆ ఇంట్లో తిన్నాను. నా మొగుడికి ఒక అక్క ఉండేదని నాకు తెలియదు. ఆ సంగతి ఆయనకు కూడా తెలియదట. నిజం చెబుతున్నాను, ఆ ఏడుపులోనూ నాకు కుళ్లు పోలేదు. లోకంలోని కోడళ్ల కష్టాలన్నీ తెచ్చి ఈమె చెవిలో పోశాను కదా, ఆమె గుండెలో ఉన్నది మాత్రం ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్లు చేసిన పెట్టె ఎలా అడిగింది? నేనెందుకు అడగలేదు?

ముత్యం వెళ్లిపోయాడు. పెట్టెకు గుడ్డ కప్పి బీరువా మీద పెట్టారు. మళ్లీ అందరూ మా అరుగు మీదికే వచ్చారు. కమలవ్వ చాట సర్దుకుని, "ఇగ చెప్పు, విషం తాగినామె ఏమైంది?" అంది. నేను కోరుకున్నది అదే కదా. నోరు తెరిచాను. విషం తాగినామె బతికితే నాకేమిటి, చస్తే నాకేమిటి అనిపించింది.

మా అత్త పక్కనే కూర్చుని ఆకు కత్తిరిస్తోంది.

"అత్తా" అన్నాను. "మా వదిన పేరేంది?"

కత్తెర కింద పెట్టింది.

"సాయవ్వ" అన్నది.