పొగ తర్వాత కూర్చోరు

సుబ్బలక్ష్మమ్మ మట్టి ధూపపుగిన్నెను తిరగేసి నిన్నటి బూడిదను అరటిపాదులో దులిపింది. అంచుకు అతుక్కున్న సాంబ్రాణి బంకను గోటితో గీరింది. ఒమాన్ దేశపు సలాలా పొలిమేరలోని ఆ కొబ్బరితోట ఇంట్లో ఆమె రోజు ఆ గిన్నెతోనే మొదలై ఆ గిన్నెతోనే ముగిసేది. చీకటిపడి గేటు దీపం దానంతట అది వెలగగానే నిప్పులు వేసి, పొగను గదిగదికీ తిప్పాలి. పెద్దామె తయ్యబా ఆమెకు నేర్పిన మొదటి పని అది.

రెండోది కాఫీ పోయడం. పిడిలేని చిన్న కప్పులో అడుగున కాస్త పోయాలి. తాగినవాడు కప్పును ఊపి ఇస్తే చాలని అర్థం. ఊపకుండా చాపితే మళ్లీ పోయాలి. ఇక మగవాళ్లు కూర్చునే ముందుగదిలోకి పొగ వచ్చిందంటే కూర్చోవడం ముగిసినట్టే. అతిథి ఆ పొగను గడ్డానికి పట్టించుకుని లేస్తాడు. పొమ్మని ఎవరూ అనక్కర్లేదు.

ప్రొద్దుటూరు వీధుల్లో గంప నెత్తిన పెట్టుకుని కూరగాయలు అమ్మిన మనిషికి ఆ పద్ధతి నచ్చింది. నోరు పారేసుకోకుండా బేరం ముగించడం అందరికీ చేతకాదు.

ఆ రోజు పొద్దున్నుంచీ మంచు విడలేదు. ఈ వానాకాలాన్ని ఇక్కడా ఖరీఫ్ అనే అంటారు, కానీ ఎవరూ విత్తనం వేయరు. కొండల మీదినుంచి మంచు దిగి తోటను మింగేస్తుంది. కొబ్బరిచెట్లకు మొదళ్లే కనిపిస్తున్నాయి, తలలు లేవు.

ఆ కొండల అవతల యెమెన్. తయ్యబా కుటుంబానిది ఆ దేశమే. అక్కడ ఏళ్లుగా సొంతవాళ్లే జట్లుగా విడిపోయి కాల్చుకుంటున్నారు. పెద్దకొడుకు సలాలాలో వ్యాపారం చేసుకుంటున్నాడు. చిన్నకొడుకు అఖీల్ అక్కడ ఒక జట్టులో చేరి తుపాకి పట్టాడు. మొన్నీమధ్యే దాన్ని పారేసి తల్లి దగ్గరికి పారిపోయి వచ్చాడు. కొబ్బరికాయల కొట్లో పడుకుంటున్నాడు. తలుపు కిర్రుమంటే గోడకు కరుచుకుపోతాడు. అందుకే సుబ్బలక్ష్మమ్మ అన్నం పట్టుకెళ్లేటప్పుడు దూరం నుంచే దగ్గేది.

మధ్యాహ్నం వాలాక వాకిట్లో పికప్ ఆగింది. ఇంటి డ్రైవర్ జిలాని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. రాయచోటివాడు.

"అక్కా, ఇద్దురు దిగినారు. అఖీల్ కోసరమే వచ్చినారు. ఆ జట్టు మనుషులు."

"నీకెట్ల తెల్సురా?"

"సీటు కింద ఏందో గోనెపట్టలో సుట్టి పెట్టినారు. లోపలుండేది కొడవలైతే కాదు." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నీ కాఫీ తాగించు. వాళ్లే భయపడి పోతారు."

"నీ నోట్లో మన్నుబడ. పో, బండి కాడ ఉండు."

తయ్యబా గోడ పట్టుకుంటూ వచ్చింది. జపమాల వదిలేసి సుబ్బలక్ష్మమ్మ మణికట్టు పట్టుకుంది.

"లక్ష్మీ, పెద్దవాడు మా వంశపెద్ద షేక్‌ను తీసుకొస్తున్నాడు. షేక్ మాట వాళ్లు దాటరు. వచ్చేదాకా కాఫీ పోస్తూనే ఉండు. పొగ మాత్రం తేకు. నా ముందుగదిలో కూర్చున్నంతసేపు నా బిడ్డ మీద చెయ్యి వేయరు."

"తేను మామా," అంది. యజమానురాలిని ఇక్కడి పనివాళ్లు అలాగే పిలుస్తారు.

ముందుగదిలో ఒకడిది గోరింటాకు పెట్టిన ఎర్రగడ్డం. రెండోవాడు ఇంకా పడుచువాడు. ఇంట్లో మరో మగదిక్కు లేక అఖీలే వాళ్లకెదురుగా కూర్చున్నాడు. అరటి ధర అడిగారు, వాన గురించి మాట్లాడారు. ఒక్క గొంతూ లేవలేదు. సుబ్బలక్ష్మమ్మకు అదే భయమేసింది. సంతలో అరిచేవాడికి ఆమె ఎప్పుడూ జంకలేదు. ధర అడక్కుండా సరుకు చేతిలోకి తీసుకునేవాడికే జంకింది. వీళ్లు అఖీల్‌ను అప్పటికే కొనేసిన సరుకును చూసినట్టు చూస్తున్నారు.

ఇద్దరూ తొందరగానే కప్పులు ఊపి ఇచ్చేశారు. అఖీల్ మాత్రం మళ్లీ మళ్లీ చాపుతున్నాడు. చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు ఊపినట్టు కనబడుతుందని, రెండో చేత్తో మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు.

ఎర్రగడ్డం ఆమె వైపు తిరిగాడు. "మంచి కాఫీ. నీకు పిల్లలున్నారా?" మెత్తగా అడిగాడు.

ఆమె కాఫీకూజా తీసుకుని వంటింట్లోకి వచ్చింది. వెంకన్నసామీ, వీళ్లు పోతే చాలు అనుకుంది. ఆ మొక్కుకు ఇంకో మాట చేర్చలేదు.

కిటికీలో గేటు దీపం వెలిగింది. మంచు చీకటికి మోసపోయి అది పొద్దుండగానే వెలిగిందని ఆమెకు తట్టలేదు. భయపడిన చేతికి అలవాటైన పనే ఆసరా. చెయ్యి బొగ్గు తీసింది, నిప్పు వేసింది, సాంబ్రాణి పలుకులు చల్లింది. రోజూలాగే వెనకనుంచి మొదలుపెట్టింది. కొబ్బరికాయల కొట్టు, అఖీల్ పరుపు, తయ్యబా గది, నడవ. తడిగాలికి పొగ పైకి లేవలేదు. నేలబారుగా పాకింది. ఆమెకు తెలివి వచ్చేసరికి అది ముందుగది తెర కిందుగా లోపలికి దూరిపోతోంది.

అరచేతితో గిన్నె మూసింది. చర్మం చుర్రుమంది. పోయిన పొగ తిరిగి రాలేదు.

"అల్లా ఈ ఇంటికి మేలు చేయాలి," అన్నాడు ఎర్రగడ్డం, మోకాళ్ల మీద చేతులాన్చి లేస్తూ.

అఖీల్ కూర్చోమని అనలేదు. పొగ పెట్టాక కూర్చోమంటే తల్లి ఇంటి మర్యాదకు విలువ ఉండదు. అతనూ లేచాడు. తెర తీసి సుబ్బలక్ష్మమ్మను చూశాడు. కోపం లేదు. వంగి పొగను దోసిలితో గడ్డానికి పట్టించుకున్నాడు, సొంత ఇంట్లో తానే అతిథి అయినట్టు. నడవలో నిలబడిపోయిన తల్లి నుదుటి మీద ముద్దు పెట్టాడు.

అఖీల్‌ను ఎక్కించుకున్న పికప్ వెనక దీపాలు మంచులో గేటు దాకా కూడా కనబడలేదు.

కాసేపటికి గేటు దగ్గర హారన్ మోగింది. పెద్దకొడుకు కారు. ముందు సీట్లో తెల్లగడ్డం షేక్. జిలాని పరిగెత్తుకొచ్చాడు.

"ఇంకో రోంతసేపు కూర్చోబెట్టలేకపోతివా అక్కా?"

వాళ్లు పోవాలని తనే కోరుకుంది, పోయారు. అడిగిన సరుకే చేతికొచ్చింది. ఇన్నేళ్లు గంప మోసిన మనిషి ఈ ఒక్కసారి వెల అడగడం మరిచిపోయింది.

కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని, కప్పులు ఎత్తడానికి ముందుగదిలోకి వెళ్లింది. పళ్లెంలో ఖాళీవి రెండున్నాయి. మూడోది అఖీల్ కూర్చున్న చోట పరుపు అంచున ఉంది, సగం కాఫీతో, ఎవరూ ఊపకుండా.