ఆరిపోయిన అంచు

రెండ్రోజులు సిటీ చూసొద్దామని మా ఆవిడ అడిగితే ఎగిరి గంతేశాను. స్టేషన్ బయట ఒక మీసాలాయన మా కోసం కాచుకుని ఉంటాడని మాత్రం రైలు దిగేదాకా చెప్పలేదు మహాతల్లి.

"మేస్త్రీ!" అని ఎంత గట్టిగా పిలిచిందంటే టాక్సీలవాళ్ళంతా తిరిగి చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను చూసి ఆ గొంతు ఒక్కసారైనా లేచిందా అంటే, లేదు.

మా ఇద్దరిదీ గోడలకి రంగులేసే పని. పైకప్పు పక్కన, కిటికీల చుట్టూ, మూలల్లో ఆవిడ బ్రష్షుతో అంచులు వేస్తూ పోతుంది. వెనకే నేను రోలర్‌తో మధ్యభాగం నింపాలి. ఆవిడ వేసిన అంచు ఆరకముందే నా రోలర్ దాన్ని అందుకోవాలి. ఆలస్యమైందా, రెండూ కలవవు, గోడ చుట్టూ ఫొటో ఫ్రేములా గీత తేలుతుంది. మా గోడల మీద తేలుతుంది. ఇంటివాళ్ళు కనిపెట్టరులే అని సరిపెట్టుకుంటాను. మా పెళ్ళికి ముందు ఈ సిటీలోనే ఆవిడ వెనక రోలర్ పట్టింది ఈ మీసాలాయనే. వినడమే గానీ చూడ్డం ఇదే మొదలు.

"అన్నయ్యా అని పిలవొచ్చుగా," అన్నాను చెవిలో.

"పనిచేసినన్నాళ్ళూ మేస్త్రీ, ఇవాళ అన్నయ్య ఎలా అవుతాడు?" అంది.

ఇక మొదలైంది నా యాత్ర. పడవెక్కితే ఆవిడ పక్క సీటు ఆయనది, నాకేమో బ్యాగు తోడు. టవరెక్కితే ఆయన వేలు ఎటు తిరిగితే ఆవిడ తల అటు. "ఆ పసుప్పచ్చ బిల్డింగ్ గుర్తుందా? నిచ్చెన జారి..." అని ఆయన మొదలెడితే, "బకెట్ నీ నెత్తిన పడలా!" అని ఆవిడ పూర్తిచేస్తుంది. ఇద్దరూ విరగబడి నవ్వుతారు. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం అంటే ఇదే.

అసలు బాంబు ఆ టవర్ మీదే పేలింది. "ఇక్కడ పెద్ద హోటల్ పని తగిలింది. అంచులకి నీ చెయ్యి పడకపోతే కుదరదమ్మా. నెలలు పడుతుంది," అన్నాడాయన.

"రేపు రైలెక్కేలోపు చెబుతాను," అంది మా ఆవిడ.

మా ఆయన్ని అడగాలి అనలేదు. పక్కనే ఉన్నాను, చెట్టంత మనిషిని! అమ్మా అని పిలిచాడు కదా అని ఊరుకోవాలా? అలా పిలిచేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి. ఆవిడ ఇక్కడ ఉండిపోతే నా రోలర్ ఎవరి వెనక నడవాలి? ఆయన పనితనం మళ్ళీ రుచి మరిగాక, నా గోడల దగ్గరికి తిరిగొస్తుందా? ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు మ్యూజియం. జనమంతా బొమ్మలు చూస్తుంటే, మేం ముగ్గురం బొమ్మల వెనక గోడ చూస్తున్నాం. రంగులవాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళినా ఇంతే.

"ఈ హాలు మేమిద్దరం వేసిందే," అంది మా ఆవిడ, కన్నబిడ్డని చూపించినట్టు.

గోడకి చెంప ఆనించినంత దగ్గరగా వెళ్ళి వారగా చూశాను. ఎదురుగా నిలబడితే దొరకని తప్పు పక్కనుంచి దొరుకుతుంది. దొరకలేదు. ఆవిడ బ్రష్షు ఎక్కడ ఆగిందో, ఆయన రోలర్ ఎక్కడ మొదలైందో ఆ దేవుడు కూడా చెప్పలేడు. వాళ్ళిద్దరూ నా కళ్ళముందు చేతులు పట్టుకుని నడిచినా అంత బాధపడేవాణ్ణి కాదు.

వదిలిపెడతానా? గోడ వెంబడే పోయాను.

"సార్, బొమ్మలు ఇటున్నాయి," అన్నాడు కాపలా మనిషి.

"ఉండనివ్వు," అన్నాను.

చివరి కిటికీ దగ్గర దొరికింది. బెత్తెడు వెడల్పున, నిక్షేపంలాంటి గీత!

"ఇదిగో!" అని అరిచాను. హాలంతా ఉలిక్కిపడింది. "ఏంటిది మేస్త్రీ గారూ? మా గోడల మీదుండేది మీ దగ్గరా ఉందే!"

మీసాలాయన వచ్చి చూసి తల గోక్కున్నాడు. "అదా తమ్ముడూ! ఆ ముక్క నేనొక్కణ్ణే వేసుకున్నా. అంచూ నేనే, రోలరూ నేనే. నిన్ను చేసుకోవాలని ఈవిడ పని మధ్యలో వదిలేసి వెళ్ళిపోయిందిగా. ఎంత బతిమాలినా ఆగలేదు."

నా కోసం! ఛాతీ ఇంత పొంగింది. గుక్కెడు నీళ్ళు తాగినంతసేపైనా నిలవలేదు ఆ సంబరం. ఆవిడ లేనిచోట గీత పడింది, సరే. మరి ఆవిడ పక్కనే ఉండగా మా గోడల మీద ఎందుకు పడుతోంది?

పైకే అడిగేశాను.

మా ఆవిడ ఆ గీత మీద వేలు పెట్టింది. "నిచ్చెన మీంచి నేను ఇంటాయనతో ఒక్క మాట మాట్లాడితే, నువ్వు రోలర్ ఆపేసి మా మొహాలు చూస్తావు. ఎదురింటివాడు పలకరిస్తే ఆపుతావు. నా ఫోన్ మోగితే ఆపుతావు. ఈలోగా నా అంచు ఆరిపోతుంది. పని రాదనుకున్నావా? పని బాగానే వచ్చయ్యా నీకు. మెడే నిలవదు."

నేను మెడ తడుముకున్నాను.

"హోటల్ పని ఒప్పుకుంటున్నాను," అంది. "నా వెనక రోలర్ నువ్వు పడతావో, మేస్త్రీ పడతాడో ఇప్పుడే తేల్చు. నువ్వైతేనే నాకిష్టం. కానీ ఇంకో గోడ మీద గీత పడిందంటే మాత్రం ఊరుకోను."

"నేనే పడతా," అన్నాను.

మెట్లు దిగుతున్నాం. ముందు నేను, వెనక వాళ్ళిద్దరూ. మీసాలాయన ఏదో గొణిగాడు. మా ఆవిడ పకపకా నవ్వింది. ఏమన్నాడు? నా గురించేనా? మెడ దానంతటదే సగం తిరిగింది. రెయిలింగ్ రెండు చేతులా పట్టుకుని, ఎదురుగా ఉన్న తెల్లగోడ కేసే చూస్తూ దిగాను. ఇంకా చాలా మెట్లున్నాయి.