హాడో సర్వరు, సిప్పీఘాట్ ఉయ్యాల

మేనకోడలికి పేరు పెట్టే ఘడియ దగ్గరపడిందో లేదో, బేబీరాణి ఫోను మోగింది. హాడో రేవులో ఫెర్రీ టిక్కెట్లు అమ్మే గుమాస్తా యువరాజ్.

"దీదీ, సర్వర్ హ్యాంగ్ హో గయా. లైను గేటు దాకా ఉంది. గది తాళం మీ దగ్గరే కదా, జల్దీ వచ్చేయండి."

ఆ సర్వరును చూసుకునే ఉద్యోగం బేబీరాణిది. ఆవిడేమో అంత దూరాన సిప్పీఘాట్‌లో తమ్ముడు చిట్టిబాబు ఇంట్లో, పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చుంది. మరదలు కనకదుర్గ మొహం అప్పుడే ముడుచుకుపోయింది. పాపం, ఆ పిల్లను అని ఏం లాభం? తన పెళ్ళిలో సరిగ్గా తలంబ్రాల వేళకి ఈ ఆడపడుచు ఇదే సర్వరు కోసం స్కూటరెక్కి పోయింది మరి.

"ఎల్లు వదినా," అంది కనకదుర్గ. "పేరు ఇంకెవరిసేతైనా పెట్టించుకుంతాం."

బేబీరాణి ఒళ్ళోని పసిదాన్ని చూసుకుంది. ఈ పిల్లకున్న ఒక్క మేనత్త తనే. చెవిలో పేరు చెప్పే భాగ్యం కూడా లేకపోతే ఇంకేం మేనత్త?

"నాను ఎల్లనే దుర్గా. అమ్మా, నా లాప్‌టాపు ఇలా తే."

పెళ్ళి గొడవ తర్వాత ఆఫీసులో అందరి ప్రాణం తీసి ఆవిడ ఒక పని చేయించింది. సర్వరు లోపలుండే ఓ చిన్న కార్డుకు విడిగా నెట్టు కేబులు పెట్టించింది. సర్వరు మొద్దునిద్ర పోయినా ఆ కార్డు మేలుకునే ఉంటుంది. ఎంత దూరాన ఉన్నా దాని ద్వారా సర్వరు తెర చూడొచ్చు, దాని మీటలు నొక్కొచ్చు, ఆపొచ్చు, మళ్ళీ లేపొచ్చు. దాంతో అవసరం పడటం మాత్రం ఇదే మొదలు.

తల్లి బుల్లమ్మ లాప్‌టాపు తెచ్చి స్టూలు మీద పెట్టింది. పేరు పెట్టేదాకా మేనత్త బిడ్డను దించకూడదు. అందుకని ఒక చేత్తో పిల్లను పొదువుకుని, ఇంకో చేత్తో మీటలు నొక్కింది బేబీరాణి. కార్డు పలికింది. హాడోలో సర్వరు ఆరిపోయి, మళ్ళీ వెలిగి, అక్కడ కాస్తా మొండికేసింది. కీబోర్డు కనబడలేదట, ముందుకు వెళ్ళాలంటే ఎఫ్‌వన్ అనే మీట నొక్కాలట.

"ఘడియ వచ్చింది, బిడ్డను రెండు చేతులా ఎత్తి ఉయ్యాల దగ్గరికి తేవమ్మా," అన్నారు పంతులుగారు.

బేబీరాణి ఒక్క క్షణం తెర వంక చూసి లేచింది. "అమ్మా, పై వరసలో ఎడం పక్కనించి రెండో మీట నొక్కు."

బుల్లమ్మ ఇన్నేళ్ళూ చేపల తక్కెడ పట్టిన చేతిని కొంగుకి తుడుచుకుంది. "ఇదేనేటే?" అని నొక్కింది, కాస్త గట్టిగానే.

బేబీరాణి మేనకోడలి చెవిలో "కళ, కళ, కళ" అని పేరు చెప్పి ఉయ్యాల్లో పడుకోబెట్టింది. అంతలో మళ్ళీ ఫోను.

"దీదీ, చాలూ హో గయా, సర్వర్ నడుస్తోంది. ఎప్పుడొచ్చారు మీరు?"

"నాను రానేదు భయ్యా. ఇక్కడినించి మా అమ్మ నొక్కింది."

ఇల్లంతా నవ్వులే. కనకదుర్గ మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంటూ వచ్చి వదిన పక్కన నిలబడింది.

"నాకు సరిగ్గా ఇనిపించనేదు వదినా. ఇంకోపాలి సెప్పు."

బేబీరాణి ఈసారి మరదలి చెవిలో చెప్పింది.